ఓవర్‌హెడ్ లైన్లలో రీక్లోజర్‌కీ, ఫ్యూజుకీ, రిలేకీ పొత్తు కుదర్చడం ఎలా

గాలికి ఊగిన కొమ్మ తీగకు తగులుతుంది. భగ్గున మెరిసి, కొమ్మ కాలి కింద రాలిపోతుంది. అప్పటికే బ్రేకర్ ట్రిప్ అయి ఉంటుంది కానీ, లైనులో బాగుచెయ్యాల్సింది ఏమీ ఉండదు. ఓవర్‌హెడ్ లైన్ల మీద వచ్చే ఫాల్టుల్లో నూటికి 70–80 ఇలాంటివేనని ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న అంచనా. కరెంటు ఓ క్షణం తీసేస్తే ఆర్క్ ఆరిపోతుంది, తీగల మధ్య గాలికి పాత బలం వచ్చేస్తుంది. ఫాల్టు రాగానే తెరుచుకుని, కాసేపాగి తనంతట తానే మళ్ళీ మూసుకునే స్విచ్చు ఆటో రీక్లోజర్. అది పుట్టింది వీటి కోసమే. మిగిలిన 20–30 కోసం ఫ్యూజు, సెక్షనలైజర్ (ఫాల్టున్న ముక్కను విడదీసే స్విచ్చు), లాకౌట్ (ఇక మూసుకోకుండా తెరిచే ఉండిపోవడం) ఉన్నాయి.

చిక్కంతా ఇక్కడే. తాత్కాలిక ఫాల్టు అయితే రీక్లోజర్ ఫ్యూజు కంటే ముందు తెరుచుకోవాలి. శాశ్వత ఫాల్టు అయితే ఫ్యూజు ఎగిరేదాకా ఓపిక పట్టాలి. వచ్చినది ఏ రకమో మొదటి క్షణంలో ఎవరికీ తెలియదు. అందుకే మొదట వేగంగా ఒక షాట్ (ఒకసారి ట్రిప్ అవడం), తర్వాత నిదానంగా కొన్ని షాట్లు అనే వరస వచ్చింది.

చాలామంది కోఆర్డినేషన్ (ఈ పరికరాల మధ్య పొత్తు) అంటే లాగ్-లాగ్ కాగితం మీద కరెంటు–సమయం కర్వులు ఒకదాన్నొకటి తాకకుండా గీయడమే అనుకుంటారు. అది సగం పని. ఆ బొమ్మ ఒక్క షాట్‌లో ఏం జరుగుతుందో చెబుతుంది. లైను మీద శాశ్వత ఫాల్టు పడితే నాలుగు షాట్లు వరసగా పడతాయి. వాటి మధ్య ఫ్యూజు పూర్తిగా చల్లారదు, పాత రిలేలో (ఫాల్టును పసిగట్టి బ్రేకర్‌కు ట్రిప్ చెప్పేది) తిరిగే డిస్కు పూర్తిగా వెనక్కి రాదు. కాబట్టి మీరు రెండు బొమ్మలు గీయాలి: ఒకటి కర్వులది, రెండోది వరసది. కింద చెప్పేదంతా ఒకే ఉదాహరణ మీద నడిపిస్తాను. కాగితం, క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ముందుగా ఫాల్టు కరెంట్లు

11 కేవీ ఫీడర్ తీసుకుందాం. ఫేజు వోల్టేజి 6,350 వోల్టులు. సబ్‌స్టేషన్ బస్ దగ్గర సోర్స్ ఇంపెడెన్స్ 1 ఓమ్, లైను కిలోమీటరుకు 0.6 ఓమ్ అనుకుందాం. కోణాలు పక్కనపెట్టి నేరుగా కూడుతున్నాను. అసలు పనిలో అలా చెయ్యకండి. ఇక్కడ లెక్క కళ్ళకు కనపడాలని చేస్తున్నాను.

బస్ దగ్గర మూడు ఫేజుల ఫాల్టు 6,350 ఆంపియర్లు. రీక్లోజర్ 5 కిలోమీటర్ల దగ్గర ఉంది. అక్కడ మొత్తం 4 ఓములు, అంటే 1,588 ఆంపియర్లు. లైను చివర 15 కిలోమీటర్లు. అక్కడ 10 ఓములు, 635 ఆంపియర్లు. రెండు ఫేజుల మధ్య ఫాల్టు అయితే దీనికి 0.866 వంతు, అంటే చివర్లో సుమారు 550.

గరిష్ఠం, కనిష్ఠం రెండూ రాసుకోండి. గరిష్ఠం దగ్గర కర్వుల మధ్య ఎడం సరిపోతుందా అని చూస్తాం, కనిష్ఠం దగ్గర అసలు రిలే కదులుతుందా అని చూస్తాం. కనిష్ఠం లెక్కించేటప్పుడు సోర్స్ బలహీనంగా ఉన్న పరిస్థితినే తీసుకోవాలి. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు నడుస్తున్నప్పటి అంకె పట్టుకుని సెట్టింగ్ పెడితే, ఒకటి ఆగిన రోజున చివరి కిలోమీటర్లు దిక్కులేనివవుతాయి.

పికప్, ఆలస్యపు కర్వు

రీక్లోజర్ దాటి గరిష్ఠ లోడ్ 100 ఆంపియర్లు అనుకుంటే, పికప్, అంటే అది కదలడం మొదలుపెట్టే కరెంటు, 200 పెట్టండి. రెట్టింపు ఎందుకంటే, చాలాసేపు కరెంటు పోయి వచ్చాక అన్ని మోటార్లూ, హీటర్లూ ఒక్కసారే లోడ్ అడుగుతాయి. చివరి కనిష్ఠ ఫాల్టు 550, పికప్‌కు 2.75 రెట్లు. ఈ నిష్పత్తి 1.5 కంటే తగ్గితే సెట్టింగ్‌తో కుస్తీ పట్టకండి. లైను మధ్యలో ఇంకో రీక్లోజర్ పెట్టాల్సిందే. ఎర్త్ ఫాల్టు పికప్ లెక్క వేరు. అది మొత్తం లోడ్ మీద కాదు, ఫేజుల మధ్య తేడా మీద ఆధారపడుతుంది కాబట్టి బాగా కిందికి దించవచ్చు.

రీక్లోజర్ ఆలస్యపు కర్వుకి ఐఈసీ ప్రమాణంలోని వెరీ ఇన్వర్స్ (కరెంటు పెరిగేకొద్దీ సమయం బాగా తగ్గేది) వాడదాం. సూత్రం సులువు: కరెంటును పికప్‌తో భాగించండి, వచ్చినదానిలోంచి 1 తీసెయ్యండి, 13.5ను దానితో భాగించండి, చివరికి టైమ్ మల్టిప్లయర్‌తో (సమయాన్ని పెంచి తగ్గించే సెట్టింగ్) గుణించండి. మల్టిప్లయర్ 0.15 అనుకుంటే, 1,588 ఆంపియర్ల దగ్గర 0.29 సెకండ్లు, 635 దగ్గర 0.93 సెకండ్లు.

ఇక సబ్‌స్టేషన్ రిలే. దాని పికప్ 400, అదే కర్వు, మల్టిప్లయర్ 0.14. 1,588 దగ్గర 0.64 సెకండ్లు వస్తుంది. రెండింటికీ మధ్య ఎడం 0.35 సెకండ్లు. మామూలుగా 0.3 చాలు. అందులో రీక్లోజర్ ఆర్క్ ఆర్పే సమయం, సీటీ (కరెంటును కొలవడానికి తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) తప్పు, రిలే తప్పు, ఇంకాస్త భద్రత అన్నీ కలిసి ఉంటాయి. రెండూ డిజిటల్ అయితే 0.2 దాకా దించేవాళ్ళూ ఉన్నారు. నేనైతే ఎడం తక్కువై అవస్థ పడే లైను మీద తప్ప 0.3 వదలను.

సబ్‌స్టేషన్ ఇన్‌స్టంటేనియస్ ఎలిమెంట్‌ను (ఆలస్యం లేకుండా ట్రిప్ చేసే భాగాన్ని) రీక్లోజర్ దగ్గర గరిష్ఠ ఫాల్టుకు 1.3 రెట్లకు పైన, అంటే ఇక్కడ 2,100 ఆంపియర్ల దగ్గర పెట్టండి. అది మొదటి మూడున్నర కిలోమీటర్లే చూస్తుంది. రీక్లోజర్ అవతలి ఫాల్టుకు అది కదలకూడదు. దీన్ని మరిచిపోతే కింది పరికరాల సెట్టింగుల మీద పడ్డ కష్టమంతా వృథా.

ఫ్యూజును కాపాడాలా, ఎగరనివ్వాలా?

ఇది సెట్టింగ్ కంటే ముందు తేల్చుకోవాల్సిన విధానం. కాపాడే పద్ధతిలో మొదటి వేగపు షాట్ ఫ్యూజు కరగకముందే లైను తెరుస్తుంది. తాత్కాలిక ఫాల్టుకు ఫ్యూజు మార్చడానికి మనిషి వెళ్ళనక్కర్లేదు, కానీ రీక్లోజర్ అవతల ఉన్న అందరి ఇళ్ళల్లోనూ లైట్లు ఒకసారి ఆరి వెలుగుతాయి. ఎగరనిచ్చే పద్ధతిలో వేగపు షాట్ తీసేస్తారు. ఆ చిన్న బ్రాంచి వాళ్ళకే కరెంటు పోతుంది, కానీ చిన్న కొమ్మ తగిలినా ఫ్యూజు పోతుంది. పొడవాటి లైన్లకు మొదటిది, క్షణం కరెంటు పోతే యంత్రాలన్నీ ఆగిపోయే చోట రెండోది నయం.

కాపాడాలని నిర్ణయించుకున్నాక, అసలు కాపాడగలమా అని లెక్క చూడండి. చాలా సెట్టింగ్ పత్రాల్లో ఈ లెక్క ఉండదు. వేగపు షాట్‌కు 0.05 సెకండ్ల స్థిరమైన ఆలస్యం పెట్టాం, వాక్యూమ్ ఇంటరప్టర్ ఆర్క్ ఆర్పడానికి ఇంకో 0.05. మొత్తం 0.1 సెకండ్లు. ఫ్యూజు ముందే లోడ్‌తో వేడెక్కి ఉంటుంది, ఇదివరకటి ఫాల్టులకు కొంత అలిసి ఉంటుంది. అందుకే దాని కనిష్ఠ కరిగే సమయంలో 75 శాతమే లెక్కలోకి తీసుకోవడం ఆనవాయితీ.

కె రకం లింకులు (లింకు అంటే ఫ్యూజులో కరిగే భాగం, కె అంటే వేగంగా కరిగే రకం) 0.1 సెకండ్లలో కరిగే కనిష్ఠ కరెంటు ప్రమాణంలోనే ఉంది: 40కె లింకుకు 565 ఆంపియర్లు, 65కె లింకుకు 918, 100కె లింకుకు 1,520. వీటిని మన లైను మీదికి తెండి. 918 ఆంపియర్లు వచ్చేది దాదాపు 10 కిలోమీటర్ల దగ్గర. అంటే 65కె లింకు పెట్టిన బ్రాంచి 5 నుంచి 10 కిలోమీటర్ల మధ్య ఉంటే, మూడు ఫేజుల ఫాల్టుకు రీక్లోజర్ ఎంత వేగంగా తెరిచినా లింకు పోతుంది. 75 శాతం నియమం కలిపితే ఆ హద్దు ఇంకాస్త దూరం జరుగుతుంది. 40కె అయితే లైను చివర కూడా భద్రత లేదు. 100కె అయితే రీక్లోజర్ దాటిన మరుక్షణం నుంచి దాదాపు పనిచేస్తుంది. లింకు ఎంత చిన్నదైతే దాన్ని కాపాడడం అంత కష్టమన్నమాట. "చిన్న లింకు పెడితే భద్రం" అనే అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

కాబట్టి ప్రతి లింకు పక్కనా ఏ కరెంటు నుంచి ఏ కరెంటు దాకా కోఆర్డినేషన్ ఉందో రెండు అంకెలు రాయండి. పై హద్దు వేగపు షాట్‌కీ, లింకు కరిగే కర్వుకీ మధ్య వస్తుంది. కింది హద్దు రీక్లోజర్ ఆలస్యపు కర్వుకీ, లింకు పూర్తిగా తెరిచే కర్వుకీ మధ్య వస్తుంది. ఆ హద్దుల మధ్య రాని ఫాల్టు ఉంటే, దాన్ని ఒప్పుకుని రాయడమే నిజాయితీ. టి రకం లింకులు నెమ్మదివి. కె రకానికి వేగ నిష్పత్తి (0.1 సెకండ్లలో కరిగించే కరెంటును, చాలాసేపటికి కరిగించే కరెంటుతో భాగిస్తే వచ్చేది) 6 నుంచి 8 అయితే, టి రకానికి 10 నుంచి 13. పై హద్దు పెంచుకోవడానికి అవి పనికొస్తాయి. కానీ ఒకే లైనులో రెండు రకాలూ కలపకండి. రాత్రి వానలో లింకు మార్చేవాడి సంచిలో ఏది ఉంటే అదే ఎక్కుతుంది.

రెండు వేగపు షాట్లు పెడితే లింకు రెండుసార్లు వేడెక్కుతుంది. అప్పుడు వేగపు కర్వును ఒక గుణకంతో పెంచి పోల్చాలి. వాడుకలో ఉన్న పట్టికల ప్రకారం డెడ్ టైమ్ (తెరుచుకున్నాక మళ్ళీ మూసుకునేదాకా ఆగే సమయం) అర సెకండు అయితే 1.8, ఒక సెకండు లేదా ఇంకా ఎక్కువైతే 1.35. ఒక్క వేగపు షాట్‌కు 1.25. నా ఓటు ఒక్క వేగపు షాట్‌కే. మొదటి షాట్‌కు ఆరని ఆర్క్‌ను రెండో వేగపు షాట్ ఆర్పడం అరుదు. పైగా ప్రతి రీక్లోజ్‌కూ లైను మీది ట్రాన్స్‌ఫార్మర్లన్నీ ఇన్‌రష్ (కరెంటు రాగానే క్షణం పాటు పారే భారీ కరెంటు) లాగుతాయి. అది రేటెడ్ కరెంటుకు 8 నుంచి 12 రెట్లు, 0.1 సెకండు పాటు ఉంటుందని ఫ్యూజుల లెక్కల్లో పట్టుకుంటారు. రెండో వేగపు షాట్ దాన్నే ఫాల్టు అనుకుని ట్రిప్ చేస్తే, అసలు ఫాల్టు ఎప్పుడో పోయిన లైను మీద షాట్లు ఖర్చయిపోతాయి.

డెడ్ టైమ్

ఆర్క్ ఆరి గాలి తేరుకోవడానికి కావాల్సిన సమయం మనం అనుకునేదానికంటే తక్కువ. మూడు ఫేజులూ కలిపి తెరిచినప్పుడు కిలోవోల్టులను 34.5తో భాగించి 10.5 కలిపితే 60 హెర్ట్జ్ సైకిళ్ళలో సమయం వస్తుంది. 11 కేవీకి సుమారు 0.18 సెకండ్లు. అయినా అంత తక్కువ పెట్టకూడదు. ఎందుకంటే లైను మీద తిరిగే మోటార్ల వోల్టేజి వెంటనే చావదు, దశ తప్పిన వోల్టేజి మీద మళ్ళీ మూస్తే షాఫ్టులే దెబ్బతింటాయి. లైనుకు సోలార్, చిన్న జనరేటర్లు ఉంటే ఇంకా జాగ్రత్త. వీటికోసం ఉన్న ఐఈఈఈ 1547 ప్రమాణం ప్రకారం అవి అనుకోకుండా ఐలాండ్ అయినప్పుడు (గ్రిడ్ నుంచి తెగిపోయిన లైనును తామే నడుపుతున్నప్పుడు) 2 సెకండ్లలోపు లైనుకు కరెంటు ఇవ్వడం మానాలి. డెడ్ టైమ్ అంతకంటే తక్కువైతే లైను బతికి ఉండగానే మూసినట్టవుతుంది. వోల్టేజి ఉంటే మూయొద్దనే అడ్డు పెట్టండి, లేదా మొదటి డెడ్ టైమ్ 2 సెకండ్లకు పైన పెట్టండి.

సబ్‌స్టేషన్ బ్రేకర్‌కే రీక్లోజింగ్ ఇస్తుంటే దాని నేమ్‌ప్లేట్ చదవండి. డ్యూటీ సైకిల్ "ఓ – 0.3 సె – సీఓ – 3 ని – సీఓ" అని ఉంటే (ఓ అంటే తెరవడం, సీఓ అంటే మూసి వెంటనే తెరవడం), మొదటి రీక్లోజ్ వేగంగా చెయ్యొచ్చు కానీ రెండోదానికి 3 నిమిషాలు ఆగాలి. 2 సెకండ్లకే రెండోసారి మూసే సెట్టింగ్ దాని మీద వేస్తే, ఇంటరప్ట్ చెయ్యగలదని ఎవరూ హామీ ఇవ్వని పని దానికి చెబుతున్నట్టే. రీక్లోజర్లు వేరు. వాటిని వరస షాట్లకే పరీక్షిస్తారు.

రెండో బొమ్మ

ఇప్పుడు ఒక గీత అడ్డంగా గీయండి, దాని మీద సెకండ్లు గుర్తుపెట్టండి. ఒక వేగపు షాట్, మూడు ఆలస్యపు షాట్లు, మధ్యలో 2 సెకండ్ల చొప్పున డెడ్ టైమ్. రీక్లోజర్ దగ్గరే శాశ్వత ఫాల్టు, 1,588 ఆంపియర్లు. వేగపు షాట్‌లో కరెంటు 0.10 సెకండ్లు, ఆలస్యపు షాట్లలో ఒక్కొక్కదానికి 0.34 (0.29 రిలేది, 0.05 ఆర్క్‌ది).

సబ్‌స్టేషన్‌లో పాత డిస్కు రిలే ఉందనుకోండి. ఈ కరెంటుకు అది 0.64 సెకండ్లు తిరిగితే ట్రిప్. పూర్తిగా వెనక్కి రావడానికి, ఈ సెట్టింగ్ దగ్గర, 8 సెకండ్లు పడుతుందనుకుందాం. అంటే 2 సెకండ్ల డెడ్ టైమ్‌లో 25 శాతం వెనక్కి వస్తుంది.

మొదటి షాట్‌లో 16 శాతం ముందుకు, డెడ్ టైమ్‌లో తిరిగి సున్నా. రెండో షాట్‌లో 53, వెనక్కి వచ్చి 28. మూడో షాట్‌లో 81, వెనక్కి 56. నాలుగో షాట్‌లో 109. రీక్లోజర్ లాకౌట్ అవబోతున్న ఆ క్షణానికే సబ్‌స్టేషన్ బ్రేకర్ కూడా ట్రిప్ అయింది. ఫీడర్ మొత్తం చీకటి. కర్వుల కాగితం మీద మాత్రం 0.35 సెకండ్ల ఎడం చక్కగా కనపడుతూనే ఉంటుంది.

ఇలాంటి ట్రిప్ నా చేతికి వచ్చినప్పుడు రెండు రోజులు సీటీలనే అనుమానించాను. తర్వాత రీక్లోజర్ ఈవెంట్ రికార్డులోని సమయాలు కాగితం మీద వరసగా పెడితే, ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

మందు సులువే. డెడ్ టైమ్ 5 సెకండ్లు చేస్తే ఒక్కోసారికీ 62 శాతం వెనక్కి వస్తుంది, డిస్కు ప్రతిసారీ సున్నాకు చేరుతుంది. లేదా ఒక ఆలస్యపు షాట్ తీసెయ్యండి. డిజిటల్ రిలే అయితే రీసెట్ సెట్టింగ్ చూడండి. చాలావాటిలో వెంటనే రీసెట్ అయ్యేది, డిస్కులా నెమ్మదిగా అయ్యేది రెండూ ఉంటాయి. పాత రిలేకి పైన గానీ కింద గానీ కొత్త రిలే పెట్టేటప్పుడు ఈ ఒక్క ఎంపికే అన్నీ తారుమారు చెయ్యగలదు.

ట్రాన్స్‌ఫార్మర్‌కు హెచ్‌వీ (ఎక్కువ వోల్టేజి) వైపు ఫ్యూజే రక్షణ అయిన చిన్న సబ్‌స్టేషన్లలో కూడా ఇదే కథ. అక్కడ రీక్లోజర్ ఆలస్యపు కర్వును గుణకంతో పెంచి, ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తితో మార్చి, ఫ్యూజు కరిగే కర్వు కిందే ఉందా అని చూడాలి. రెండు వేగపు, రెండు ఆలస్యపు షాట్ల వరసకు, డెడ్ టైమ్ అర సెకండు అయితే గుణకం 2.6, 2 సెకండ్లయితే 1.7, 10 సెకండ్లయితే 1.35. ఫ్యూజు చల్లారడానికి ఇచ్చిన సమయానికి ఎంత విలువుందో ఈ మూడు అంకెల్లోనే ఉంది.

అదే గీత మీద రీసెట్ టైమ్ కూడా సరిచూడండి. రీక్లోజర్ మూసుకున్నాక ఎంతసేపు ట్రిప్ కాకపోతే లెక్క సున్నా చేసుకుంటుందో అది. మన కర్వు 300 ఆంపియర్ల దగ్గర 4 సెకండ్లు తీసుకుంటుంది. రీసెట్ టైమ్ 3 సెకండ్లు పెడితే, ఫాల్టు కరెంటు పారుతుండగానే రీక్లోజర్ "అంతా బాగుంది" అని లెక్క మరిచిపోతుంది, నాలుగో సెకండుకు ట్రిప్ అవుతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. లాకౌట్ ఎప్పటికీ రాదు. 30 సెకండ్లో అంతకంటే ఎక్కువో పెట్టండి.

సెక్షనలైజర్, వరసగా రెండు రీక్లోజర్లు

సెక్షనలైజర్ ఫాల్టు కరెంటును తెంచలేదు, లెక్కపెడుతుంది అంతే. పైన రీక్లోజర్ తెరుచుకున్నప్పుడల్లా ఒకటి కూడుకుని, లెక్క నిండాక డెడ్ టైమ్‌లో, కరెంటు లేనప్పుడు తెరుచుకుంటుంది. రీక్లోజర్‌కు నాలుగు షాట్లుంటే దీనికి మూడు. కదిలే కరెంటు రీక్లోజర్ పికప్‌లో 80 శాతం, ఇక్కడ 160. జ్ఞాపక సమయం మొదటి ట్రిప్ నుంచి మూడో ట్రిప్ దాకా పట్టే సమయం కంటే ఎక్కువ ఉండాలి. 5 సెకండ్ల డెడ్ టైమ్‌తో అది 11 సెకండ్ల దాకా వస్తుంది కాబట్టి 30 పెడితే చాలు.

ఒకే లైను మీద రెండు రీక్లోజర్లుండి, రెండింటికీ వేగపు షాట్లుంటే, కింది ఫాల్టుకు రెండూ కలిసి తెరుచుకుంటాయి. పైదాంట్లో సీక్వెన్స్ కోఆర్డినేషన్ ఆన్ చెయ్యండి. కిందిది వేగంగా ట్రిప్ అయినప్పుడు పైది తాను తెరవకుండానే ఒక షాట్ అయినట్టు లెక్కవేసుకుని ఆలస్యపు కర్వుకు మారిపోతుంది. అయితే రెండింటి వేగపు కర్వుల మధ్య కూడా ఆర్క్ ఆరేంత ఎడం ఉంటేనే అది పనిచేస్తుంది.

మళ్ళీ మూయకూడని చోట్లు

భూగర్భ కేబుల్ ఫాల్టు దానంతటదే బాగుపడదు. లైను మొదట్లో పొడవాటి కేబుల్ ఉంటే, దాని ఫాల్టు కరెంటు స్థాయి దగ్గర రీక్లోజ్‌ను ఆపే హై కరెంట్ లాకౌట్ పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ డిఫరెన్షియల్, బుకోల్జ్ (రెండూ ట్రాన్స్‌ఫార్మర్ ఫాల్టును పట్టే రక్షణలు), బస్ ఫాల్టు, బ్రేకర్ ఫెయిల్యూర్, చేతితో మూసిన వెంటనే వచ్చిన ట్రిప్ – వీటన్నిటికీ రీక్లోజ్ బ్లాక్ కావాలి. సెన్సిటివ్ ఎర్త్ ఫాల్టుకు కూడా నేను రీక్లోజ్ ఇవ్వను. అంత తక్కువ కరెంటు ఎక్కువసేపు పారిందంటే తీగ తెగి నేల మీద పడి ఉండొచ్చు, దాని పక్కన మనిషో పశువో ఉండొచ్చు.

ఎండిన గడ్డి, అడవులున్న చోట కాలం బట్టి సెట్టింగ్ మారాలి. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 2009 ఫిబ్రవరి 7న వచ్చిన కార్చిచ్చుల్లో 173 మంది చనిపోయాక వేసిన రాయల్ కమిషన్, ఏటా అగ్ని ప్రమాదం అత్యధికంగా ఉండే ఆరు వారాలు ఒంటి తీగ ఎర్త్ రిటర్న్ లైన్లలో రీక్లోజింగ్ పూర్తిగా ఆపాలని, నిప్పు నిషేధించిన రోజుల్లో 22 కేవీ ఫీడర్లలో ఒక్కసారే రీక్లోజ్ చెయ్యాలని సిఫారసు చేసింది. డిజిటల్ రీక్లోజర్‌లో ఇలాంటి వాటికి వేరే సెట్టింగ్ గ్రూప్ ముందే పెట్టుకోవచ్చు.

లైను మీద మనుషులు పనిచేస్తుంటే హాట్ లైన్ ట్యాగ్ వెయ్యాలి. ట్యాగ్ ఉన్నంతసేపు ఒకే ట్రిప్, అదీ వేగంగా, మళ్ళీ మూయడం లేదు. ఎక్కడ వేశారో అక్కడే తీసేలా ఉండాలి. కంట్రోల్ రూమ్ వేసినదాన్ని స్తంభం దగ్గర ఎవరో తీసెయ్యగలిగితే అది ట్యాగే కాదు.

సైట్‌లో

సెట్టింగ్ వేశాక రిలేను మాత్రమే పరీక్షించి వచ్చెయ్యకండి. టెస్ట్ సెట్‌తో మొత్తం వరసను నడిపించండి: ఫాల్టు కరెంటు ఇవ్వండి, తెరుచుకోగానే ఆపండి, మూసుకోగానే మళ్ళీ ఇవ్వండి, లాకౌట్ దాకా. తర్వాత రెండో షాట్ అయ్యాక కరెంటు ఇవ్వకుండా ఊరుకుని, చెప్పిన సమయానికే లెక్క సున్నా అయిందా అని చూడండి. బ్యాటరీ మీదే, ఛార్జర్ తీసేసి, కనీసం ఒక పూర్తి వరస చెయ్యండి. నాలుగో షాట్‌కు క్లోజింగ్ శక్తి చాలని రీక్లోజర్లు అలాగే బయటపడతాయి.

గడియారాలు కలపండి. సబ్‌స్టేషన్ రిలే, రీక్లోజర్ ఒకే సమయం చూపించకపోతే రేపు వచ్చే ఈవెంట్ రికార్డులు ఒకదాని పక్కన ఒకటి పెట్టలేరు. మొదటి గాలివాన తర్వాత రెండింటి రికార్డులూ దించుకుని, మీరు గీసిన రెండో బొమ్మ మీద అసలు సమయాలను వేరే రంగు పెన్నుతో గుర్తుపెట్టండి. ఎక్కడ తేడా ఉందో అక్కడి నుంచి మళ్ళీ లెక్క మొదలుపెట్టండి.